ఏడుగురిలో ఒకడు

షికాగో బ్యాండ్ పాటలు ప్రపంచమంతా విన్నది. వాటిలో గిటార్ పలికించిన టెర్రీ క్యాథ్ పేరు మాత్రం చాలామంది చెవిన పడలేదు. సోలో వాయించడమంటే ఏమిటో తెలుసుకోవాలంటే వినాల్సిన చేయి అతనిది.

ముందు గిటార్, బాస్ కలిసి ఒక్కో మెట్టూ దిగుతూ అయిదు స్వరాలు పలుకుతాయి. అయిదోది అయ్యాక మళ్ళీ మొదటికి. డ్రమ్స్ అందుకుంటాయి. ఆ వెనకే ట్రంపెట్, ట్రాంబోన్, శాక్సాఫోన్ మూడూ ఒక్క ఊపిరితో విరుచుకుపడతాయి. పీటర్ సెటెరా పైస్థాయి గొంతుతో చరణాలు పాడి తప్పుకుంటాడు. అప్పుడు ఆ అయిదు మెట్ల మీదికి గిటార్ ఒంటరిగా దిగుతుంది.

పాట పేరు ‘ట్వెంటీ ఫైవ్ ఆర్ సిక్స్ టు ఫోర్’. తెల్లవారుజామున నాలుగు కావడానికి పాతిక నిమిషాలో ఇరవై ఆరు నిమిషాలో తక్కువ అని అర్థం. రాత్రంతా మేలుకుని పాట రాయబోయి, మాట తోచక గడియారం వంక చూసిన మనిషి అవస్థ అది. రాసింది బ్యాండ్‌లో కీబోర్డు వాయించే రాబర్ట్ లామ్. 1970 జనవరిలో వచ్చిన రెండో ఆల్బంలోది. అదే ఏడాది వేసవిలో సింగిల్‌గా వచ్చి అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో నాలుగో స్థానం దాకా ఎక్కింది. ఇవాళ్టికీ అమెరికా కాలేజీల మైదానాల్లో మార్చింగ్ బ్యాండ్లు దాన్ని వాయిస్తూనే ఉంటాయి. గిటార్ పట్టిన కుర్రాళ్ళు తొలిరోజుల్లోనే సాధన చేసే రిఫ్‌లలో (మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చే చిన్న పలుకుల్లో) అదొకటి. అయినా అందులో సోలో ఎవరిదని అడిగితే, రాక్ సంగీతం బాగానే తెలిసినవాళ్ళు కూడా ఒక్క క్షణం తడుముకుంటారు.

వాయించినవాడు టెర్రీ క్యాథ్. రికార్డింగ్ నాటికి అతనికి ఇరవై మూడేళ్ళు. ముప్ఫై రెండు నిండకుండానే వెళ్ళిపోయాడు. ఆ కొద్ది కాలంలో అతను వాయించిన సోలోలు నా లెక్కలో హెండ్రిక్స్, క్లాప్టన్, జెఫ్ బెక్‌ల సోలోల పక్కన నిలబడేవి. ఆ ముగ్గురి పేర్లూ ఊరూరా తెలిసి, ఇతని పేరు తెలియకపోవడానికి ఒక కారణం ఉంది. అతని సోలోలు అంత బాగుండటానికీ అదే కారణమని నాకు బలంగా అనిపిస్తుంది. అతను ఎప్పుడూ ఏడుగురిలో ఒకడిగానే వాయించాడు.

ఆ సోలోలో ఏం జరుగుతుంది

దగ్గరగా విందాం. పాట ‘ఎ మైనర్’లో నడుస్తుంది. కింద దిగే ఆ అయిదు స్వరాలను మన పద్ధతిలో చెప్పుకుంటే షడ్జం, కైశికి నిషాదం, చతుశ్రుతి ధైవతం, శుద్ధ ధైవతం, పంచమం. రెండు ధైవతాలూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆ జారుడులోనే ఈ రిఫ్ వేడి అంతా ఉంది. దాని మీద సోలో వాయించేవాడు ఏ ధైవతాన్ని పట్టుకున్నా చిక్కే. ఒకచోట కుదిరింది మరుక్షణం కింద మారిపోయి కొరుక్కుంటుంది.

బ్లూస్, రాక్ గిటారిస్టులు ఇలాంటి చోట్ల ఆసరా చేసుకునేది మైనర్ పెంటటోనిక్ అనే అయిదు స్వరాల వరుస. స గ మ ప ని. అంటే మన శుద్ధ ధన్యాసి స్వరాలే. అందులో ధైవతం లేదు, రిషభం లేదు. కింద కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) ఎంత మారుతున్నా పైన ఈ వరుస ఒరుసుకోకుండా సాగిపోతుంది. క్యాథ్ సోలో ఎక్కువ భాగం ఈ స్వరాల చుట్టూనే తిరుగుతుంది. ఇంతవరకూ చెప్పింది సురక్షితమైన దారి. ఆ రోజుల్లో గిటార్ పట్టిన ప్రతివాడికీ తెలిసిన దారి. అతని గొప్పతనం ఆ దారిలో నడిచిన తీరులో ఉంది.

మొదటి పలుకుల్లో తొందర ఉండదు. ఒక స్వరాన్ని పట్టుకుని పైకి లాగుతాడు, అక్కడ నిలుపుతాడు, వదిలేస్తాడు. వదిలిన చోట కాస్త ఖాళీ. ఆ ఖాళీలో డానీ సెరఫీన్ డ్రమ్స్ వినిపిస్తాయి, సెటెరా బాస్ వినిపిస్తుంది. తర్వాతి పలుకు ఆ ఖాళీకి జవాబుగా వస్తుంది. ఇలా ప్రశ్నా జవాబూ నడుస్తుండగా పలుకుల పొడవు పెరుగుతుంది, ఖాళీలు తగ్గుతాయి. ఒక చిన్న పలుకునే పట్టుకుని లయకి అడ్డంగా మళ్ళీ మళ్ళీ తిప్పుతాడు. ఇక ఇంతకన్నా పైకి పోలేదు అనుకునే సమయానికి వా-వా పెడల్ మీద కాలు పడుతుంది. గిటార్ ఒక్కసారిగా నోరు తెరిచి మాట్లాడటం మొదలెడుతుంది.

వా-వా పెడల్ గురించి రెండు మాటలు చెప్పాలి. అది కాలి కింద ఉండే చిన్న పలక. మడమ వైపు నొక్కితే ధ్వనిలోని మంద్రభాగం ఉబుకుతుంది, వేళ్ళ వైపు నొక్కితే పైభాగం పదునెక్కుతుంది. ముందుకీ వెనక్కీ ఊపితే, మనిషి నోరు మూసి తెరుస్తూ ‘వా’ అన్నట్టు వినిపిస్తుంది. ఆ రోజుల్లో చాలామంది దాన్ని తాళం వేసినట్టు ఒకే ఊపుతో తొక్కేవారు. క్యాథ్ పాదం స్వరం వెంట నడుస్తుంది. స్వరం సాగితే పెడల్ మెల్లగా తెరుచుకుంటుంది, స్వరాలు వడిగా రాలితే మెరిసి మూసుకుంటుంది. చేతి పనీ కాలి పనీ వేరువేరుగా వినిపించవు.

సోలో ఎప్పుడు ముగించాలో తెలియడం సగం విద్య. మన కచేరీల్లో కల్పనస్వరాలు పాడేవారు ఎన్ని ఆవర్తనాలు తిరిగినా చివరికి పల్లవి ఎత్తుగడ దగ్గర సరిగ్గా వచ్చి వాలాలి. ఆ వాలడంలోనే సభ చప్పట్లు కొడుతుంది. రాక్ పాటలో సోలోకీ ఆ బాధ్యత ఉంది. పైగా ఇక్కడ కచేరీ గిటారిస్టుది కాదు. అతను పాట మధ్యలో కాసేపు అందుకుని, తిరిగి గాయకుడి చేతిలో పెట్టేయాలి. క్యాథ్ సోలో ఉధృతంగా ఉన్నప్పుడే, ఇంకా నాలుగు ఆవర్తనాలు విన్నా బాగుండు అనిపిస్తుండగానే బ్రాస్ వాద్యాలు అందుకుంటాయి. పాట మళ్ళీ పాటగా మారిపోతుంది.

ఆల్బంలో ఈ పాట నిడివి 4 నిమిషాల 50 సెకన్లు. రేడియోల కోసం చేసిన సింగిల్ 2 నిమిషాల 52 సెకన్లు. రెండు నిమిషాలు ఎగిరిపోయాయి. కత్తెర పడిన చోట్లలో సోలో ఒకటి. ఆ ఏడాది కారు రేడియోల్లో, హోటళ్ళలోని జూక్‌బాక్సుల్లో ఈ పాట విన్న లక్షలమంది అతని పనితనాన్ని తునకగానే విన్నారు. తర్వాత అతని పేరుకి జరిగినదంతా అక్కడే మొదలైంది.

గురువు తక్కువ, చెవి ఎక్కువ

టెర్రీ అలన్ క్యాథ్ 1946 జనవరి 31న షికాగోలో పుట్టాడు. ఇంట్లో సంగీతం ఉండేది. తల్లి బాంజో వాయించేది, అన్న డ్రమ్స్ వాయించేవాడు. కుర్రవాడు ఇంట్లో దొరికిన వాద్యాలన్నిటి మీదా చెయ్యేసి, చివరికి గిటార్ దగ్గర ఆగాడు. ఒకరి ముందు కూర్చుని పాఠంగా నేర్చుకున్నది చాలా తక్కువ. విని, తిరగేసి, మళ్ళీ విని పట్టుకున్నదే ఎక్కువ. షికాగో బ్యాండ్‌కి ముందు ఊళ్ళోని ఇతర బృందాల్లో బాస్ గిటార్ కూడా వాయించాడు. తక్కినవాళ్ళు లీడ్ వాయిస్తుండగా కింద నిలబడి పాటని మోయడమెలాగో అక్కడే అలవాటైందనుకుంటాను. బాస్ వాయించినవాడి చెవి సోలో వాయించేటప్పుడు కూడా కింద ఏం నడుస్తోందో మరచిపోదు.

1967లో ఏడుగురు కలవడం మొదలైంది. శాక్సాఫోన్, ఫ్లూట్ వాయించే వాల్టర్ పారజైడర్, ట్రాంబోన్ వాయించే జేమ్స్ పాంకో, ట్రంపెట్ వాయించే లీ లాఫ్‌నేన్ ముగ్గురూ షికాగోలోని డీపాల్ విశ్వవిద్యాలయంలో సంగీతం చదివినవాళ్ళు. డ్రమ్స్‌కి సెరఫీన్, కీబోర్డుకి లామ్, గిటార్‌కి క్యాథ్. ఆఖరున 1967 డిసెంబరులో బాస్ గిటార్‌తో సెటెరా చేరాడు. మొదట్లో పేరు ‘ది బిగ్ థింగ్’. 1968లో నిర్మాత జేమ్స్ విలియం గ్వెర్సియో వాళ్ళని లాస్ ఏంజిలిస్ రప్పించి ‘షికాగో ట్రాన్సిట్ అథారిటీ’ అని పేరు మార్చాడు. అది షికాగోలో బస్సులు, రైళ్ళు నడిపే సంస్థ పేరు కూడా. ఆ సంస్థ కోర్టుకి వెళ్తానని హెచ్చరించాక పేరు ‘షికాగో’గా కుదించుకున్నారు.

కాలేజీలో నొటేషన్ చదివి వచ్చిన ముగ్గురు బ్రాస్ వాద్యకారుల మధ్య చెవితో నేర్చుకున్న గిటారిస్టు. ఈ పొత్తు మీదే ఆ బ్యాండ్ నడిచింది. 1969 ఏప్రిల్‌లో వచ్చిన మొదటి ఆల్బం తెరిస్తే మొట్టమొదటి పాట ‘ఇంట్రడక్షన్’. రాసింది, పాడింది క్యాథ్. ఆరున్నర నిమిషాలు. లయ మారుతుంది, వేగం మారుతుంది, బ్రాస్ వాద్యాలు ఒకచోట గర్జించి ఒకచోట లాలిపాటలా మెత్తబడతాయి. ఇంత అల్లిక ఉన్న రచనని సంగీతం చదువుకున్నవాళ్ళు ముగ్గురుండగా చదువుకోనివాడు చేశాడు. అందులో ట్రాంబోన్‌కీ ట్రంపెట్‌కీ విడివిడిగా వంతులు ఇచ్చి, వాళ్ళ తర్వాతే తన గిటార్ వంతు పెట్టుకున్నాడు. తనే రాసుకున్న పాటలో, కొత్త బ్యాండ్ లోకానికి తొలిసారి పరిచయమయ్యే పాటలో, తన సోలోని వరుసలో నిలబెట్టాడు. ఇది చిన్న విషయం కాదు. వినేటప్పుడు ఈ వరుస గమనించండి. ట్రంపెట్ వదిలిన మూడ్‌ని చెదరనివ్వకుండా గిటార్ ఎలా లోపలికొస్తుందో తెలుస్తుంది.

వీణ తెలిసినవాళ్ళకి తెలిసిన విద్య

పాశ్చాత్య సంగీతంలో పియానో మెట్టు నొక్కితే ఆ స్వరమే పలుకుతుంది, దాని పక్కన ఉన్నది పలకదు. గిటార్‌కి ఆ కట్టు లేదు. మెట్టు మీద నొక్కిన తీగని పక్కకి లాగితే బిగువు పెరిగి స్వరం పైకి పోతుంది. వీణ మీద గమకం పలికించడానికి వైణికులు చేసేదీ ఇదే. తెలుగువాళ్ళ చెవికి రాక్ గిటార్‌లోని ఈ ‘బెండ్’ పరాయిగా వినిపించకపోవడానికి అదో కారణం. రెండు స్వరాల మధ్య దారిలోనే భావమంతా ఉందని మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

క్యాథ్ ఈ లాగుడు కోసం తీగల్నే మార్చుకున్నాడు. ఆ రోజుల్లో పల్చటి తీగల సెట్లు ఇప్పటిలా దొరికేవి కావు. అందుకని అన్నిటికన్నా సన్నగా ఉండే పై తీగ స్థానంలో టెనార్ గిటార్ తీగ బిగించి, మామూలు తీగల్ని ఒక్కో స్థానం కిందికి జరిపేవాడు. అలా అన్నీ ఒక వంతు పల్చబడేవి. వేలికి శ్రమ తగ్గి, స్వరాన్ని మరింత దూరం లాగే వీలు కలిగేది. పల్చటి తీగతో ఒక ప్రమాదం ఉంది. కాస్త ఎక్కువ లాగితే శ్రుతి దాటిపోతుంది, కాస్త తగ్గితే అందదు. తూకమంతా చెవిదే. అతని బెండ్‌లు వినండి. ఏ స్వరాన్ని ఉద్దేశించి లాగాడో అక్కడికే చేరి ఆగుతాయి. చేరాక సన్నగా వణుకుతాయి. ఆ వణుకు మీద గడిపే సమయం అతని సంతకం.

గిటార్లు తరచూ మార్చేవాడు. స్ట్రాటోకాస్టర్, గిబ్సన్ ఎస్‌జీ, లెస్ పాల్, చివరి ఏళ్ళలో స్టిక్కర్లతో నిండిన ఫెండర్ టెలికాస్టర్. బ్యాటరీతో పనిచేసే చిన్న ‘పిగ్‌నోస్’ ఆంప్లిఫయర్ తయారుచేసిన కంపెనీలో తొలినాళ్ళలో డబ్బు కూడా పెట్టాడు. కొత్త పరికరం ఏదొచ్చినా విప్పి చూడాలన్న ఉబలాటం అతనిది. ఇన్ని మార్చినా వాయించిన చేయి ఎవరిదో రెండు పలుకుల్లో పోల్చుకోవచ్చు.

లీడ్ మాత్రమే విని ఊరుకుంటే క్యాథ్‌ని సగమే విన్నట్టు. అతను పాడుతూ, అదే సమయంలో కార్డులు కొడుతూ, ఆ కార్డుల మధ్య సందుల్లో లీడ్ పలుకులు విసురుతాడు. సాధారణంగా ఇద్దరు గిటారిస్టులు పంచుకునే పని. బ్యాండ్‌లో గిటార్ ఒక్కటే కాబట్టి రెండూ తనే చేశాడు. బ్రాస్ వాద్యాలు మూడుంటే గిటార్‌కి చోటు ఇరుకవుతుంది. ఆ మూడూ ఎక్కడ ఊపిరి తీసుకుంటాయో కనిపెట్టి అక్కడ తన మాట చెప్పడం అతను అలవాటు చేసుకున్నాడు. సోలో వచ్చినప్పుడు ఆ అలవాటు పోలేదు. పెద్ద సోలోలో కూడా అతని పలుకులు ట్రాంబోన్ వాయించే మనిషి ఊపిరంత పొడవుంటాయి. గిటార్‌కి ఊపిరితో పని లేదు. అయినా అతని గిటార్ ఊపిరి తీసుకుంటుంది.

హెండ్రిక్స్ విన్నాడు

షికాగో బ్యాండ్ గురించి రాసిన ప్రతిచోటా ఒక కథ వస్తుంది. లాస్ ఏంజిలిస్‌లో విస్కీ ఎ గో గో అనే క్లబ్బులో వీళ్ళు వాయిస్తుండగా జిమీ హెండ్రిక్స్ విన్నాడు. తర్వాత పారజైడర్‌ని పలకరించి, మీ బ్రాస్ ముగ్గురూ ఒకే ఊపిరితిత్తులతో వాయిస్తున్నట్టుంది, మీ గిటారిస్టు నాకన్నా మెరుగు అన్నాడట. చెప్పింది పారజైడర్. తనకి జరిగినట్టుగా ఎన్నోసార్లు చెప్పాడు. ‘నాకన్నా మెరుగు’ అన్న ముక్కని పట్టుకుని అభిమానులు ఇప్పటికీ వాదులాడుకుంటారు. నాకు అంతకన్నా విలువైనదిగా కనిపించేది మొదటి ముక్క. హెండ్రిక్స్ ముందు బ్రాస్ వాద్యాల ఐక్యత విన్నాడు, తర్వాతే గిటార్ విన్నాడు. ఆ వరుసలో విన్నవాడికి క్యాథ్ ఏం చేస్తున్నాడో అర్థమైంది. 1969లో హెండ్రిక్స్ పర్యటనలో షికాగో ముందుగా వాయించే బ్యాండ్‌గా వెళ్ళింది. అంతకన్నా పెద్ద యోగ్యతాపత్రం ఆనాటి గిటారిస్టుకి ఇంకేముంటుంది?

1970 సెప్టెంబరులో హెండ్రిక్స్ చనిపోయాడు. క్యాథ్ అతని కోసం ‘ఓ థాంక్ యూ గ్రేట్ స్పిరిట్’ రాశాడు. 1975లో వచ్చిన ఎనిమిదో ఆల్బంలో ఉంది. హెండ్రిక్స్ పలుకుబడిని అనుకరించకుండా, ఆ ధ్వని విశాలత్వాన్ని మాత్రం అరువు తెచ్చుకున్న పాట. మొదటి ఆల్బం నాటి నుంచి ఎంత ఎదిగాడో దాంట్లో వినిపిస్తుంది.

మొదటి ఆల్బంలోనే ‘ఫ్రీ ఫార్మ్ గిటార్’ అనే ఆరూ ముప్పావు నిమిషాల రచన ఉంది. అది వినడం కష్టం. పాట లేదు, తాళం లేదు, తోడు వాద్యం లేదు. ఒక్క స్ట్రాటోకాస్టర్, ఒక ఆంప్లిఫయర్, దాని ముందు మరో పీఏ ఆంప్లిఫయర్. స్పీకర్ ధ్వని తిరిగి గిటార్‌లోకి చేరి పుట్టే హోరు, కీచు, మూలుగు. ఎఫెక్టులేమీ వాడలేదు, ఒకే టేక్‌లో ఆపకుండా వాయించింది అని రికార్డు అట్ట మీదే రాశారు. 1969 ఆగస్టులో హెండ్రిక్స్ వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో అమెరికా జాతీయ గీతాన్ని ఇలాంటి హోరుతో వాయించి చరిత్రకెక్కాడు. క్యాథ్ రికార్డు దానికి నెలల ముందే దుకాణాల్లో ఉంది. నేనీ మాట పోటీ పెట్టడానికి అనడం లేదు. ఆ రచన చాలామంది చేసినట్టు వదిలేయాల్సింది కాదని చెప్పడానికే. మధురంగా వాయించగలిగినవాడు తన వాద్యం అవతలి అంచు ఎక్కడుందో చూడబోయాడు. ఆ అంచు చూసొచ్చినవాడు కాబట్టే ‘ట్వెంటీ ఫైవ్ ఆర్ సిక్స్ టు ఫోర్’లో హోరుని ఎంత వాడాలో అంతే వాడాడు.

పేరు ఎటు పోయింది

షికాగో ఆల్బంల అట్టల మీద మనుషుల ముఖాలు దాదాపుగా ఉండవు. వంపులు తిరిగిన ఆ లోగో ఉంటుంది. ఒకసారి చెక్క మీద, ఒకసారి తోలు మీద, ఒకసారి చాక్లెట్ మీద చెక్కినట్టు. ఆల్బంలకి పేర్లు కూడా లేవు. రెండు, మూడు, అయిదు, ఎనిమిది అని అంకెలే. ఏడుగురూ సమానమని చెప్పడానికి అది గొప్ప పద్ధతి. అభిమానికి మాత్రం పట్టుకోవడానికి ఒక ముఖం దొరకలేదు. గిటారిస్టు దేవుడిగా వెలిగే కాలంలో ఈ బ్యాండ్ లోగోని వెలిగించింది.

గొంతు విషయంలో ఇంకో చిత్రం జరిగింది. క్యాథ్ గొంతు లోతైనది, కాస్త గరుకైనది. రే చార్ల్స్ ఛాయ ఉందని విన్నవాళ్ళందరూ అనేవారు. 1970లో బిల్‌బోర్డ్ మొదటి పదిలోకి వెళ్ళిన ‘మేక్ మీ స్మైల్’ పాడింది అతనే. అది పాంకో రాసిన పదమూడు నిమిషాల సంగీత మాలిక నుంచి రేడియో కోసం కోసి తీసిన ముక్క. అమెరికాలో ఒక తరం పెళ్ళిళ్ళలో, కాలేజీ డాన్సుల్లో మోగిన ‘కలర్ మై వరల్డ్’ అదే మాలికలోది, అదీ అతని గొంతే. ఆ మెత్తటి ప్రేమగీతం పాడినవాడూ ‘ఫ్రీ ఫార్మ్ గిటార్’ హోరెత్తించినవాడూ ఒకడేనని ఎంతమంది ఊహించగలరు?

ఇక 1976. షికాగోకి అమెరికాలో మొదటిసారి నంబర్ వన్ స్థానం తెచ్చిన పాట ‘ఇఫ్ యూ లీవ్ మీ నౌ’. సెటెరా రాసి పాడిన నెమ్మదైన ప్రేమగీతం. అందులో వినిపించే అకౌస్టిక్ గిటార్ సోలో క్యాథ్‌ది కాదు, నిర్మాత గ్వెర్సియోది. ప్రపంచం ఆ బ్యాండ్‌ని ఎక్కువగా గుర్తుపెట్టుకున్న పాటలో వాళ్ళ అసలు గిటారిస్టు పక్కనున్నాడు. పాట మంచిదే. కానీ అప్పటి నుంచి రేడియోలు ఆ దారినే అడిగాయి. 1980లలో బ్యాండ్ పూర్తిగా ఆ వైపు మళ్ళింది. ఆ తర్వాత పుట్టిన శ్రోతకి షికాగో అంటే కీబోర్డు పరుపు మీద పడుకున్న ప్రేమగీతమే. వెనక్కి వెళ్ళి 1969 నాటి హోరు వినాలన్న ఆలోచన ఎవరికొస్తుంది?

క్యాథ్ ఆ మలుపుని చూడలేదు. 1978 జనవరి 23న లాస్ ఏంజిలిస్‌లోని వుడ్‌లాండ్ హిల్స్‌లో, బ్యాండ్ సిబ్బందిలో ఒకరి ఇంట్లో, తుపాకీ పేలి చనిపోయాడు. తుపాకులంటే సరదా ఉండేది. పిస్టల్ ఖాళీగానే ఉందని ఎదుటివాళ్ళకి చూపించబోయాడు. మేగజైన్ తీసేశాడు గాని, గొట్టంలో ఒక తూటా మిగిలిపోయింది. ముప్ఫై రెండో పుట్టినరోజు ఇంకో ఎనిమిది రోజుల్లో ఉంది. ఇంట్లో రెండేళ్ళు నిండని కూతురుంది.

మన సినిమా పాటల్లోనూ పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే గిటార్ బిట్లు మనకి కంఠతా వచ్చు. వాయించిన చేయి ఎవరిదో క్యాసెట్ అట్ట మీద ఉండేది కాదు. సంగీత దర్శకుడి పేరు, గాయకుల పేర్లు, గీత రచయిత పేరు ఉండేవి. వాద్యకారుడు పాటలో కలిసిపోయేవాడు. అందుకే క్యాథ్ కథ నాకు దూరపు దేశం కథగా అనిపించదు. తేడా ఒక్కటే. అతని పేరు అట్ట లోపల అచ్చయింది. చదివినవాళ్ళే తక్కువ.

కూతురు వెతికింది

ఆ కూతురు మిషెల్ క్యాథ్ సింక్లేర్ పెద్దయ్యాక తండ్రి ఎవరో తెలుసుకోవడానికి కెమెరా పట్టుకుని బయల్దేరింది. ఆమెకి తండ్రి గురించి సొంత జ్ఞాపకం లేదు. బ్యాండ్ సభ్యుల్ని, అతనితో పనిచేసినవాళ్ళని, అతన్ని విని గిటార్ పట్టినవాళ్ళని కలిసింది. 2016లో ఆమె తీసిన ‘ది టెర్రీ క్యాథ్ ఎక్స్‌పీరియన్స్’ డాక్యుమెంటరీని టొరంటో చిత్రోత్సవంలో ప్రదర్శించారు. సినిమాలో ఆమె వెతికే వాటిలో ఆ స్టిక్కర్ల టెలికాస్టర్ కూడా ఉంది. అది చివరికి ఫ్లోరిడాలో, తాతగారి రెండో భార్య ఇంట్లో దొరికింది. పిగ్‌నోస్ స్టిక్కర్లు, షికాగో బ్లాక్‌హాక్స్ హాకీ జట్టు గుర్తు అన్నీ దాని మీద అలాగే ఉన్నాయి. అదే 2016లో షికాగో బ్యాండ్‌కి రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. క్యాథ్ పోయిన ముప్ఫై ఎనిమిదేళ్ళకి.

ఆ డాక్యుమెంటరీ తర్వాత గిటార్ లోకంలో అతని పేరు మళ్ళీ వినిపిస్తోంది. గిటార్ నేర్పేవాళ్ళు అతని సోలోల్ని ముక్కలుగా విడగొట్టి చూపిస్తున్నారు. మంచిదే. అయితే ఒక్క చిక్కు. సోలోని పాటలోంచి ఊడదీసి పాఠంగా నేర్చుకుంటే వేళ్ళకి వస్తుంది గాని, అతను ఎందుకు అక్కడ ఆగాడో, ఎందుకు అక్కడ పరుగెత్తాడో రాదు. ఆ జవాబులు డ్రమ్స్‌లో ఉన్నాయి, బాస్‌లో ఉన్నాయి, బ్రాస్ వాద్యాలు అందుకోబోయే క్షణంలో ఉన్నాయి. గిటార్ నేర్చుకుంటున్న మన పిల్లలకి నేను చెప్పేది ఒక్కటే. సోలో వాయించబోయే ముందు ఆ పాటలో బాస్ ఏం చేస్తోందో పాడి చూపించగలగాలి. అది రాకుండా వేగం సాధించి లాభం లేదు.

ఎక్కడ మొదలెట్టాలి

మొదట ఆల్బంలోని పూర్తి ‘ట్వెంటీ ఫైవ్ ఆర్ సిక్స్ టు ఫోర్’. సింగిల్ వద్దు. తర్వాత అదే పాటని 1970 జూలై 21న మసాచుసెట్స్‌లోని టాంగిల్‌వుడ్ వేదిక మీద వాయించిన వీడియో చూడండి. రికార్డులో విన్న సోలో మళ్ళీ అచ్చంగా రాదు. కొన్ని మలుపులు ఉంటాయి, మధ్య దారంతా అప్పటికప్పుడు పుట్టినదే. ఒకే రాగాన్ని ఒకే విద్వాంసుడి దగ్గర రెండు కచేరీల్లో విన్నవాళ్ళకి ఈ ఆనందం వేరే చెప్పాలా?

ఆ తర్వాత మొదటి ఆల్బంకి వెళ్ళండి. డబుల్ ఆల్బం, అమెరికా పట్టికలో 171 వారాలు నిలిచింది. ‘ఇంట్రడక్షన్’ తర్వాత ‘పొయెమ్ ఫిఫ్టీ ఎయిట్’ వినండి. ఆ పాట మొదటి సగంలో గిటార్, బాస్, డ్రమ్స్ మూడే ఉంటాయి. బ్రాస్ తోడు లేకుండా, పాట అండ లేకుండా క్యాథ్ నిమిషాల తరబడి ఒకే లయ మీద ఎలా ఆలోచిస్తాడో తెలుస్తుంది. ‘సౌత్ కాలిఫోర్నియా పర్పుల్స్’లో నిఖార్సైన బ్లూస్ వాయిస్తాడు. 1974 నాటి ‘విషింగ్ యూ వర్ హియర్’ గొంతు కోసం వినాలి. బీచ్ బాయ్స్ సభ్యులు ముగ్గురు వెనక పాడుతుంటే ముందు క్యాథ్ నెమ్మదిగా పాడతాడు. 1977 నాటి పదకొండో ఆల్బంలో ‘టేకింగ్ ఇట్ ఆన్ అప్‌టౌన్’ ఉంది, అతను బతికుండగా విడుదలైన ఆఖరి ఆల్బం అది.

‘లిబరేషన్’ని చివరికి ఉంచుకోండి. మొదటి ఆల్బం ముగింపు, పద్నాలుగున్నర నిమిషాలు, స్టూడియోలో ఏడుగురూ కలిసి ఒకేసారి వాయించింది. బ్రాస్ వాద్యాలు తలుపు తీసి పక్కకి జరిగాక గిటార్ ముందుకొస్తుంది, సెరఫీన్, సెటెరా దాని వెంట పరుగెడతారు. మధ్యలో ఒకచోట క్యాథ్ లయని పూర్తిగా వదిలేసి శబ్దంలోకి వెళ్ళిపోతాడు. మిగతావాళ్ళు ఆగి కనిపెట్టుకుని ఉంటారు. అతను తిరిగొచ్చే దారి వెతుక్కునేటప్పుడు ఎవరూ తొందరపెట్టరు. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆ పద్నాలుగు నిమిషాలూ ఫోన్ పక్కన పడేసి వినాల్సిన రికార్డు అది.